రెండు సీసాల్లోనూ అదే క్రిమి

పోయినవారం అక్కని మనం ల్యాబులో, ఐదు నెలల కిందటి రిజిస్టరు ముందు వదిలేసి వచ్చాం. ఆమె వేలు ఒక గీత దగ్గర ఆగిపోయింది. ఆ గీతలో ఉన్న చేతిరాత ఆమెదే.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. అక్క ఆస్పత్రి ల్యాబులోనే పనిచేస్తుంది, ఆమెకి ఒక్కడే తమ్ముడు. స్కూలు బస్సు నడుపుతాడు. మూడేళ్ళ కిందట అతని పొట్టలోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బితే, ఆస్పత్రిలో అందరూ పెద్ద డాక్టరనే పిలిచే సర్జన్ అక్కడ గుడ్డతో నేసిన గొట్టం కుట్టాడు. తమ్ముడు లేచాడు, తిరిగాడు, బస్సెక్కాడు. ఈ ఐదు నెలల నుంచే జ్వరం వచ్చి పోతోంది, నడుం లాగేస్తోంది, మనిషి సగమైపోయాడు. తమ్ముడు వచ్చినప్పుడల్లా పెద్ద డాక్టరు మాత్రల రంగు మార్చాడు. ఆయన ఊళ్ళో లేని వారంలో చిన్న సర్జన్ స్కాన్ తీయించింది. కుట్లు పూస గుచ్చినట్టు వేస్తుందని నర్సులు ఆమెకి కుట్లమ్మ అని పేరు పెట్టుకున్నారు. గొట్టం చుట్టూ చీము, చీములో గాలి బుడగలు కనిపించాయి. గుడ్డకి క్రిమి పట్టింది, దాన్ని పీకేసి ఎద్దు గుండె చుట్టూ ఉండే పొరతో గొట్టం కుట్టి వేస్తే తప్ప బతకడని కుట్లమ్మ తేల్చి చెప్పి, ఆపరేషన్ల పట్టీలో అతని పేరు రాసింది. పెద్ద డాక్టరు తిరిగొచ్చి ఆ పేరు కొట్టేశాడు. పాత రక్తపరీక్షల్లో ఏమైనా ఆధారం దొరుకుతుందేమోనని అక్క రిజిస్టరు తెరిచింది అందుకే.

దొరికింది.

ల్యాబుకి వచ్చే రక్తానికి పేరుండదు, నంబరే ఉంటుంది. ఈ నంబరు తమ్ముడి కేసు కాగితాల మీద ఉన్నదే. కుడిచేతి నుంచి ఒక సీసా, ఎడమచేతి నుంచి ఒక సీసా. మూడో రోజుకి రెండింట్లోనూ అదే క్రిమి పెరిగిందని నీలం సిరాతో రాసి ఉంది. కింద ఎర్ర సిరాతో ఇంకో వాక్యం: "కలుషితం. సర్జన్ ఆఫీసు చెప్పినందున రిపోర్టు పంపలేదు." ఆ ఎర్ర సిరా రాత కూడా అక్కదే.

ఆ రోజు ఫోను గుర్తొచ్చింది. చర్మం మీద ఎప్పుడూ ఉండే మామూలు క్రిమి అది. ఒక్క సీసాలో వస్తే, సూది గుచ్చినవాళ్ళు సరిగ్గా తుడవలేదని వదిలేస్తారు. రెండు చేతుల రక్తంలోనూ ఒకటే వస్తే వదిలేయకూడదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పని చేస్తున్న ఆమెకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే స్వయంగా ఫోను చేసింది. పెద్ద డాక్టరే ఎత్తాడు.

"సూది సరిగ్గా గుచ్చలేదమ్మా. కొట్టేయ్."

"రెండు సీసాల్లోనూ వచ్చింది సార్."

"ఏమ్మా, నాకు పాఠం చెబుతున్నావా?"

ఎర్ర పెన్ను తీసింది, రాసింది, మూత పెట్టి భోజనానికి వెళ్ళింది. ఆ రోజు ఏం తిన్నదో కూడా గుర్తు లేదు. అంత మామూలుగా గడిచిపోయిన రోజు అది.

అక్క రిజిస్టరు చంకలో పెట్టుకుని లేచింది. తెల్లకోటు విప్పలేదు. లిఫ్టు కోసం ఆగలేదు. రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం రావాలి, రాలేదు. ఒళ్ళంతా మంటగా ఉంది.

పెద్ద డాక్టరు గదిలో అప్పటికే కుట్లమ్మ నిలబడి ఉంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, స్కూల్లో పిల్ల నిలబడ్డట్టు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడుతున్నాడు. బల్ల మీద ముక్కలుగా విడదీసే ప్లాస్టిక్ గుండె, పక్కన పోయిన నెల సర్జన్ల సభలో ఆయనకిచ్చిన గాజు జ్ఞాపిక. అక్క తోసిన తలుపు వెళ్ళి గోడకి కొట్టుకుంది.

"తలుపు కొట్టి రావాలని తెలీదా?"

"కొట్టాను సార్. ఐదు నెలల కిందట కొట్టాను. మీరు తీయలేదు."

రిజిస్టరు తెరిచి ప్లాస్టిక్ గుండె పక్కకి జరిగేలా బల్ల మీద పడేసింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. కుట్లమ్మ మెడ చాచి ఆ గీత చదివింది. చదివి పెద్ద డాక్టరు వంక చూసింది. కట్టుకున్న చేతులు ఊడిపోయాయి.

"సార్, ఇది మీకు తెలుసా?" అంది.

"రోజుకి యాభై రిపోర్టులు వస్తాయి. అన్నీ గుర్తుంటాయా?"

"ఇది గుర్తుంది మీకు," అంది అక్క. "అందుకే ఐదు నెలల్లో మళ్ళీ ఒక్కసారి కూడా రక్తం తీయించలేదు. తీయిస్తే మళ్ళీ అదే వస్తుంది కదా సార్. అప్పుడు సూది మీదకి నెట్టడం కుదరదు."

ఆయన కళ్ళజోడు తీసేశాడు. గొంతు పెంచలేదు. అదే అక్కకి ఇంకా మండింది.

"కూర్చో. నువ్వు కోపంలో ఉన్నావ్. మీ తమ్ముడు కాబట్టి అర్థం చేసుకోగలను. నా మాట విను. ఆ పొట్ట ఒకసారి కోసి కుట్టింది. లోపల పేగులూ నాళాలూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. ఆ గొట్టం పీకాలంటే ముందు పైన నాళాన్ని బిగించి రక్తం ఆపాలి. పట్టు జారితే రెండు నిమిషాలు. పది మందిలో ముగ్గురు టేబుల్ మీదే పోతారు. ఇక ఈ ఎద్దు పొర సంగతి. ఈవిడ ఎన్ని కుట్టిందో అడుగు."

"ఆరు చూశాను. రెండు చేశాను," అంది కుట్లమ్మ. "ఇద్దరూ నడుస్తున్నారు."

"రెండు!" ఆయన చేయి గాల్లోకి లేచింది. "ఇంజెక్షన్లు ఇద్దాం. ఆరు వారాలు. సూదితో చీము లాగుదాం. జ్వరం తగ్గితే మాత్రలతో నెట్టుకొద్దాం."

"నెట్టుకురాలేం సార్," అంది కుట్లమ్మ. "గుడ్డ నేతలో క్రిములు జిగురు కప్పుకుని కూర్చున్నాయి. మందు రక్తంలో తిరుగుతుందే గానీ ఆ జిగురులోకి పోదు. ఇది మీరే నాకు చెప్పారు. మీ క్లాసులోనే రాసుకున్నాను."

"కోస్తే పదిమందిలో ముగ్గురు అన్నారు కదా సార్," అంది అక్క. "కొయ్యకుండా ఇలాగే వదిలేస్తే ఎంతమంది?"

ఆయన గాజు జ్ఞాపికని ఒక అంగుళం కుడిపక్కకి జరిపాడు.

"అడుగుతున్నాను సార్. ఎంతమంది?"

"దాదాపు అందరూ," అంది కుట్లమ్మ, నేల చూస్తూ.

అక్క బల్ల అంచు పట్టుకుంది. పట్టుకోకపోతే ఆ జ్ఞాపిక ఎక్కడికి ఎగిరేదో ఆమెకే తెలియదు.

"మూడు వందల పన్నెండు," అన్నాడు పెద్ద డాక్టరు ఉన్నట్టుండి. ఈసారి గొంతు పెరిగింది. "మూడు వందల పన్నెండు గొట్టాలు వేశాను ఈ చేతులతో. ఒక్కదానికి క్రిమి పట్టలేదు. ఇరవై రెండేళ్ళు! పోయిన నెల హాలంతా లేచి నిలబడింది. నువ్వొచ్చి ఒక సీసా చూపించి..."

"రెండు సీసాలు."

"...నా గొట్టానికి పురుగు పట్టిందంటావా?"

అక్కకి అప్పుడు అర్థమైంది. ఇంతసేపూ ఆయన బద్ధకించాడనో, మరిచిపోయాడనో అనుకుంటూ తిట్టుకుంటోంది. ఆయన ఏదీ మరిచిపోలేదు. ఆ ఒక్క రిపోర్టు బయటికొస్తే సభలో చెప్పుకునే మాట చెడిపోతుందని తొక్కిపెట్టాడు. తమ్ముడు రాత్రిళ్ళు దుప్పటి తడిసేలా చెమటలు పట్టి వణికింది, బస్సు మెట్టెక్కలేక పిల్లల ముందు కూలబడింది, ఆ చప్పట్ల కోసం.

"మూడు వందల పదకొండు సార్," అంది. ఆమె నోట అంత చిన్న గొంతు రావడం కుట్లమ్మ ఎప్పుడూ వినలేదు. "మా తమ్ముణ్ణి తీసేసి చెప్పుకోండి ఇక నుంచి. ఇప్పుడు ఆ పట్టీ తీయండి. మీ చేత్తోనే కొట్టేశారు, మీ చేత్తోనే రాయండి. రాయకపోతే ఈ రిజిస్టరు పట్టుకుని నేరుగా సూపరింటెండెంటు గదికి పోతాను. అక్కడ దీన్ని నేనే చదివి వినిపిస్తాను. నీలం సిరా, ఎర్ర సిరా, రెండూ."

గోడ గడియారం కింద నర్సులు వేలాడదీసిన అట్టకి పట్టీ గుచ్చి ఉంది. పెద్ద డాక్టరు లేచి వెళ్ళి, రేపటి పేజీ తిప్పి, తమ్ముడి పేరు రాశాడు. కాగితం చిరిగేంత ఒత్తి రాశాడు. పెన్ను జేబులో పెట్టుకుంటూ వెనక్కి తిరిగాడు.

"సూపరింటెండెంటుకి చదివి వినిపిస్తానన్నావు. వినిపించు. ఆ ఎర్ర సిరా మాత్రం నాది కాదమ్మా."

మెట్లు దిగుతున్నంతసేపూ అక్క చెవుల్లో ఆ మాటే ఉంది.

వార్డులో తమ్ముడి మంచం కిటికీ పక్కన. మరదలు స్టూలు మీద కూర్చుని అతని చొక్కాకి రెండు పక్కలా కుట్టు వేస్తోంది. ఆమె దర్జీ. మొగుడు చిక్కినకొద్దీ చొక్కాలు బిగిస్తూ వస్తోంది. ఈ చొక్కాకి అది మూడో కుట్టు.

కుట్లమ్మ వెనకే వచ్చింది. రేపు పొద్దున ఆపరేషన్ అని చెప్పి, ఏం చేస్తారో చెప్పడానికి చేతిరుమాలు తీసింది. పొర ఇలా పల్చటి బట్టలా వస్తుంది. శుద్ధి చేసి, క్రిములు లేకుండా సీసాలో ఉంటుంది. అక్కడికక్కడే కొలత చూసి, చుట్టి, అంచు కుట్టి గొట్టం చేస్తాం. గుడ్డలో దాక్కున్నంత తేలిగ్గా ఇందులో క్రిమి దాక్కోలేదు, మందు కూడా బాగా పనిచేస్తుంది.

"చొక్కా చేతిలాగన్నమాట," అంది మరదలు సూది ఆపి. "కుట్టు లోపలికొస్తుందా, బయటికా?"

"బయటికి. లోపల నున్నగా ఉండాలి. రక్తం పారుతుంది కదా."

"దారం తెగితే?"

"ఒక వరస పూర్తయ్యాక దాని మీదే వెనక్కి ఇంకో వరస వేస్తాను."

మరదలు తల ఊపింది. ఒక పనితనం ఇంకో పనితనాన్ని గుర్తుపట్టినట్టు ఆమె మొహం కొంచెం తేటపడింది. "అలాగైతే నమ్ముతాను," అంది.

తమ్ముడు దిండు మీద నుంచే నవ్వాడు. "ఎద్దులా పనిచేస్తాడు వీడు అని మా బస్సులవాళ్ళు ఎప్పుడూ అనేవాళ్ళు. ఇక నిజమే అనుకోవాలి."

అక్క నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం తమ్ముడు చూశాడు.

"ఏంటక్కా?"

చెప్పకుండా ఉండొచ్చు. రేపటిదాకా, కుట్లు ఆరేదాకా, ఎప్పటికీ కూడా చెప్పకుండా ఉండొచ్చు. కుట్లమ్మ కళ్ళతోనే వద్దంది. అక్క మంచం పట్టీ పట్టుకుని నిలబడే చెప్పేసింది. సీసాలు, క్రిమి, ఫోను, ఎర్ర పెన్ను. భోజనానికి వెళ్ళడం కూడా వదలకుండా చెప్పింది.

మరదలి చేతిలోంచి చొక్కా జారి ఒళ్ళో పడింది. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. అవతల మేడ మీద ఎవరో నీళ్ళ ట్యాంకు కడుగుతున్నారు.

"ఐదు నెలలు," అన్నాడు. "రోజూ సాయంత్రం ఇంటికొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేదానివి. ఇవాళ తక్కువుందిరా అనేదానివి."

"ఆ నంబరు నీదని నాకు తెలీదురా. ఒట్టు. తెలిస్తే వదిలేదాన్నా? ఆయన గది తలుపులు బద్దలు కొట్టేదాన్ని."

తమ్ముడు తల తిప్పాడు. జ్వరంతో లోతుకి పోయిన కళ్ళలో అంత కోపం ఉండగలదని అక్క అనుకోలేదు.

"నాది కాకపోతే? ఇంకెవడిదో అయితే పర్వాలేదా నీకు?"

అక్క మంచం పట్టీ వదిలేసింది.

"రోజూ నలభై మంది పిల్లల్ని ఎక్కించుకుంటాను. నా పిల్లలు ఒక్కరూ లేరు అందులో. బ్రేకు సరిగ్గా లేదని ఒక్కసారి అనుమానమొస్తే బండి తీయను. మా మేనేజరు అరిచినా తీయను. వాళ్ళు ఎవరి పిల్లలో చూసి తీస్తానా?" మోచేతి మీద లేచాడు. "ఆయన చెడ్డవాడు. సరే. నువ్వు మంచిదానివి కదే. నువ్వెందుకు రాశావు?"

"నువ్వు లేవకు, పడుకో," అంది మరదలు. ఆమె ఆ మాట మొగుడితో అంది గానీ చూపు వదిన మీదే ఉంది. ఆ చూపులో జాలి లేదు.

"భయపడ్డాను," అంది అక్క. "ఆయనకి భయపడ్డాను. అంతే. ఇంకే కారణమూ లేదు."

తమ్ముడు ఏదో అనబోయాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దగ్గు అనుకున్నారు ముందు. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారి, మరదలు బిగిస్తున్న చొక్కా మీద పడింది. ఒక కప్పుడు రక్తం ఉంటుంది. ఆగిపోయింది. అతను ఆశ్చర్యంగా తన చెయ్యి చూసుకున్నాడు.

"ఆగిపోయింది. ఏం కాలేదు," అన్నాడు.

కుట్లమ్మ అతని మణికట్టు పట్టుకుని, నర్సుని కేకేసి, అక్కని రెండడుగులు పక్కకి లాగింది.

"గొట్టం పేగుని తొలిచేసింది. ఇది మొదటి జల్లు. ఇప్పుడు గడ్డ అడ్డుపడి ఆగింది. ఆ గడ్డ ఊడితే ఇక ఆగదు. గంట పట్టొచ్చు, పది నిమిషాలే పట్టొచ్చు. రేపు లేదు. ఇప్పుడే కోయాలి."

"కొయ్యి తల్లీ. ఇంకా చూస్తావేం?"

"పొర ఉంది. ఆపరేషన్ గది ఖాళీగా ఉంది. రక్తం తెప్పిస్తున్నాను. నేను కుట్టేదాకా పైన నాళాన్ని బిగించి పట్టుకోవడానికి ఇంకో సర్జన్ కావాలి. అంటుకుపోయిన పేగుల మధ్య దాన్ని కనుక్కోవాలి, జారనివ్వకూడదు. అంత చెయ్యి తిరిగినవాళ్ళు ఈ ఆస్పత్రిలో..." ఆమె ఆగిపోయింది.

పేరు చెప్పనక్కర్లేకపోయింది. చిన్నగా అన్నా తమ్ముడికి వినబడింది.

"ఆయన వద్దు."

"అలా అనకండి. టైము లేదు..."

"ఆయన చెయ్యి నా ఒంటి మీద పడటానికి వీల్లేదు. చస్తే చస్తాను." లేవబోయాడు. నర్సు భుజాలు పట్టి ఆపింది. "అక్కా, నువ్వు చెప్పు వీళ్ళకి. ఒక్కసారన్నా నాకోసం కాదని చెప్పు."

అక్కకి కాదని చెప్పాలనే ఉంది. నరనరమూ అదే అంటోంది. కాదంటే కుట్లమ్మ ఒంటరిగా లోపలికి వెళుతుంది. అవునంటే తమ్ముడు ఆమె మొహం ఇక చూడడు. చూడటానికి బతికి ఉంటే.

స్ట్రెచరు చక్రాలు వార్డు గుమ్మంలోకి వచ్చాయి. దాని వెనక ఎవరూ పిలవకుండానే పెద్ద డాక్టరు నిలబడి ఉన్నాడు. నర్సు కేక పైదాకా వినబడి ఉంటుంది. ఆకుపచ్చ బట్టల్లో ఉన్నాడు. ఆయాసపడుతున్నాడు. మెట్ల మీదుగా వచ్చాడు.

"నేను పట్టుకుంటాను," అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. "కుట్టేది ఈ అమ్మాయే. నేను పట్టుకోవడం వరకే."

"పో అవతలికి," అన్నాడు తమ్ముడు. ఆ మాట పూర్తి కాకుండానే అతని తల పక్కకి వాలిపోయింది. నర్సు నాడి చూసి, బీపీ చూసి, పడిపోతోందని అరిచింది. సంతకం కాగితం ఉన్న అట్ట మంచం మీదే ఉంది. సంతకం పెట్టాల్సినవాడికి స్పృహ లేదు. ఇక భార్యే పెట్టాలి.

అక్క గుమ్మం వైపు అడుగేసింది, ఆయన్ని లోపలికి లాగడానికో, బయటికి నెట్టడానికో ఆమెకే తెలియకుండా. అంతలో మరదలు లేచింది. రక్తం పడిన చొక్కా ఇంకా చేతిలోనే ఉంది. వదినని దాటి వెళ్ళి పెద్ద డాక్టరు ఎదురుగా, మూరెడు దూరంలో ఆగింది. కుట్లమ్మ చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"సంతకం పెడతాను. ఈయన్ని రానిస్తాను," అంది. "ఈయన లోపలికి అడుగు పెట్టేముందు, ఇక్కడ, ఈ వార్డులో ఉన్న అందరి ముందూ ఒక పని చెయ్యాలి."

పెద్ద డాక్టరు మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు.

ఆ ఎర్ర సిరా మాట రాయించింది తానేనని ఆయన గట్టిగా చెప్పాలంది మరదలు. విని ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.